వార్తల్లో పదం: సుమోటో

ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా కోర్టో, కమిషనో తనంతట తానే కేసు చేపట్టడమే సుమోటో. లాటిన్ మాట. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో పేలుడు 17 మందిని బలిగొన్నప్పుడు, పత్రికల కథనాలు చూసి జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇలాగే కదిలింది. రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి, డీజీపీకి నోటీసులిచ్చింది.

ప్రభుత్వానికీ పౌరుడికీ నడుమ నిలిచే ఈ సంస్థకు ఆ అధికారం 1993 నాటి చట్టం ఇచ్చింది. సాక్షులను పిలిపించగలదు, నివేదికలు తెప్పించుకోగలదు. పరిహారం మాత్రం సిఫారసే, ఆదేశం కాదు. ఇది గుర్తుంచుకోవాల్సిన తేడా. ఘటన జరిగి ఏడాది దాటితే విచారణకు వీల్లేదు.

పెద్ద దిక్కును పోగొట్టుకున్న ఇంట్లో ఆ వారం అర్జీ రాసే ఓపిక ఎవరికుంటుంది? సుమోటో అక్కరకొచ్చేది అక్కడే. తర్వాతైనా కుటుంబం సొంతంగా ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.