కృత్రిమ రబ్బరులో ఏమున్నది?

మోటారు టైరునుంచి ఒక ముక్క, పెట్రోలు గొట్టమునుంచి ఒక ముక్క కోసి పక్కపక్కన పెడితే ఏది ఏదో చూపుకు తెలియదు. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ సాగుతాయి. కాని టైర్లకు వాడే స్టైరీన్-బ్యుటాడైయీన్ రబ్బరుతో పెట్రోలు గొట్టము చేస్తే, అది పెట్రోలును పీల్చుకొని ఉబ్బి మెత్తబడుతుంది. అట్టి గొట్టమునుంచి కారిన పెట్రోలుకు నిప్పంటుకొన్నచో ప్రాణములకే ముప్పు. కనుక ఏ ముక్కలో ఏ రబ్బరున్నదో పరీక్షించి తేల్చుట అవసరము.

తయారైన వస్తువులో రబ్బరు ఒక్కటే ఉండదు. మసి, నూనెలు, గంధకము, జింకు ఆక్సైడు కూడ కలిసి ఉంటాయి. అందుచేత మొదట ముక్కను సన్నగా తరిగి, వేడి ఎసిటోనుతో గంటల తరబడి కడుగుతారు. నూనెలు, విడిగా ఉన్న గంధకము అందులో కరిగిపోతాయి. మరికొంత రబ్బరును తూచి పూర్తిగా కాల్చితే మిగిలే బూడిదను బట్టి ఖనిజ పదార్థముల పాలు తెలుస్తుంది.

తరువాతి ప్రశ్న, ఏయే మూలకములున్నవి? నియోప్రీన్ రబ్బరులో క్లోరిన్ కలదు. ఎర్రగా కాల్చిన రాగి తీగను దానికి తాకించి మరల మంటలో పెడితే జ్వాల ఆకుపచ్చగా మారుతుంది. వెలువడే పొగ హానికరము కాబట్టి ఈ పరీక్షను గాలి బాగా ఆడేచోట, ఉపాధ్యాయుని సమక్షములోనే చేయవలెను. నూనెకు తట్టుకొనే నైట్రైల్ రబ్బరులో నత్రజని ఉంటుంది. అది ఎక్రిలోనైట్రైల్ అను భాగమునుంచి వచ్చినది. ఈ పదార్థపు అణుభారము 53. అందులో నత్రజని 14, అనగా నూటికి 26.4 పాళ్ళు. శుద్ధి చేసిన రబ్బరులో నత్రజని నూటికి 8.7 పాళ్ళున్నదనుకొందాము. అప్పుడు 8.7ను 26.4తో భాగించి 100తో గుణించగా, ఎక్రిలోనైట్రైల్ సుమారు 33 పాళ్ళని తేలుతుంది. ఈ పాలు పెరిగినకొద్దీ రబ్బరు నూనెకు బాగా తట్టుకొంటుంది. కాని చలికి త్వరగా గట్టిపడుతుంది.

మూలకముల లెక్క తేలినంతమాత్రాన పని ముగియదు. చెట్టుపాలనుంచి వచ్చే రబ్బరులో కర్బనము, ఉదజని మాత్రమే ఉన్నవని 1826లో ఫారడే చూపెను. 1860లో గ్రెవిల్ విలియమ్స్ రబ్బరును వేడిచేసి ఐసోప్రీన్ అను ద్రవమును రాబట్టెను. గట్టాపర్చా అను మరొక చెట్టుపాల పదార్థము కూడ ఐసోప్రీన్ గొలుసే. రెండింటికీ కర్బనము 5, ఉదజని 8 అను ఒకే నిష్పత్తి. అయినా రబ్బరు సాగుతుంది. గట్టాపర్చా గట్టిగా ఉంటుంది.

కారణము అమరికలో ఉన్నది. గొలుసులోని ప్రతి ద్విబంధము వద్ద రెండు కొసలూ ఒకే వైపున ఉంటే సిస్ అమరిక, ఎదురెదురు వైపుల ఉంటే ట్రాన్స్ అమరిక. ట్రాన్స్ గొలుసులు కట్టెల మోపువలె దగ్గరగా పేరుకొని స్ఫటికములగును. సిస్ గొలుసులు వంకరగా ఉండి సులభముగా పేరుకొనవు. అందుకే లాగితే సాగి, వదలితే ముడుచుకొంటాయి.

ఈ అమరికను కనుగొనుటకు పరారుణ కిరణములు తోడ్పడతాయి. ఒక్కొక్క అమరిక ఒక్కొక్క తరంగదైర్ఘ్యమును పీల్చుకొంటుంది. బ్యుటాడైయీన్ రబ్బరులో ట్రాన్స్ అమరిక 10.3 మైక్రాన్ల వద్ద, సిస్ అమరిక 13.6 మైక్రాన్ల సమీపమున, ద్విబంధము పక్కకొమ్మగా నిలిచినచో 11 మైక్రాన్ల వద్ద గుర్తు చూపుతాయి. మసి కలిసిన నల్లని రబ్బరు ఈ కిరణములను సాగనివ్వదు. అప్పుడు దానిని గాలి తగలకుండ వేడిచేసి, వచ్చిన ఆవిరిని చల్లార్చి, ఆ ద్రవమును పరీక్షించి రబ్బరు జాతిని గుర్తిస్తారు.

1950-60 దశాబ్ది మధ్యలో జీగ్లర్ పద్ధతి ఉత్ప్రేరకములతో ఐసోప్రీన్‌ను దాదాపు పూర్తిగా సిస్ అమరికలోనే గొలుసు కట్టగలిగిరి. ప్రకృతి రబ్బరును పోలినది తయారైనదని చెప్పుటకు ఫార్ములా చాలలేదు. పరారుణ వర్ణపటము సాక్ష్యమీయవలసి వచ్చినది. ఏయే పరమాణువులు ఎన్ని ఉన్నవో తెలియుట సగము పని. అవి ఎట్లు అమరినవో తెలిసినప్పుడే ఆ రబ్బరు ఏ పనికి తగునో చెప్పవచ్చును.