మీకు తెలుసా? ఒక్క ఇటుకా లేని చర్చి

2004లో ఇటుక, సున్నం లేని ఓ చర్చికి ఒక్క రోజులోనే 41 వేల మంది వచ్చారు! ఆ ఏడాది మే 11న ఇంటర్నెట్‌లో తలుపులు తెరిచిన ఆ త్రీడీ మందిరం పేరు ‘చర్చ్ ఆఫ్ ఫూల్స్’.

దానికి అండగా నిలిచింది బ్రిటన్ మెథడిస్టు సంఘం. ఇక్కడే మనకో ముచ్చటైన బంధుత్వం ఉంది. మెదక్ చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా మెథడిస్టు మిషనరీయే. ఆ రాతి కట్టడానికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

తెర మీది చర్చిలో తొలి ప్రసంగం అప్పటి లండన్ బిషప్ రిచర్డ్ చార్ట్రెస్‌ది. భక్తులు మౌస్ నొక్కితే వారి బొమ్మలు మోకరిల్లేవి, చేతులెత్తి స్తుతించేవి. కొందరు ఆకతాయిలు ప్రసంగ వేదికెక్కి బూతులు తిట్టారు కూడా. అలాంటివారిని బయటికి పంపడానికి నిర్వాహకుల దగ్గర ప్రత్యేకంగా ఒక బటన్ ఉండేది.