చెప్పుకునే చోటు ఏదీ?

ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే పొరుగింటి ఖాలా గంజి కాచి పంపుతుంది. చావు జరిగితే మొహల్లా అంతా కదిలి వస్తుంది. మరి లైంగిక అత్యాచారానికి గురైన స్త్రీని పరామర్శించేందుకు ఎవరు వస్తారు? ఆమె నోరు విప్పదు. ధైర్యం చేసి తల్లికో అక్కకో చెప్పుకుంటే, “ఊరుకో అమ్మీ, బయట తెలిస్తే ఇజ్జత్ పోతుంది” అనే మాటే ఎదురవుతుంది. తప్పు చేసినవాడు బజారులో తలెత్తుకు తిరుగుతుంటాడు. తప్పు లేనిది తలుపు చాటున కుమిలిపోతుంది. ఇదెక్కడి న్యాయం?

ఇది ఎక్కడో జరిగే విషయమని సరిపెట్టుకోలేం. 2007లో కేంద్ర స్త్రీ, శిశు సంక్షేమ మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను ప్రశ్నించి ఒక నివేదిక వెలువరించింది. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనవారే. వారిలో సగానికి పైగా మగపిల్లలు! ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మినవారు. పిల్లల్లో అత్యధికులు ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేదు.

మన పశ్చిమ కర్నూలు ప్రాంతం సంగతి ఆలోచించండి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి వెళ్తాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తి తీతకు మూటాముల్లె కట్టుకుని పోతాయి. ఆడపిల్లలను బంధువుల ఇళ్లలో వదలాలి, లేదా పొలాల గట్ల మీద వేసిన గుడారాలకు వెంట తీసుకుపోవాలి. రెండు చోట్లా వారికి కాపలా అంతంత మాత్రమే. అలాంటి చోట ఆపద ఎదురైతే ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి?

చెప్పుకున్న స్త్రీకి మన సమాజం ఏం చేసిందో గుర్తు చేసుకుందాం. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ అనే పేద ముస్లిం యువతిపై పోలీసులే అత్యాచారం చేశారని, ప్రశ్నించిన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారని తెలిసి నగరం భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. అయితే ఆ విచారణలోనే ఆమె నడవడి మీద, ఆమె నికాహ్ మీద నిందలు గుప్పించారు. తర్వాత కేసును రాయచూరు కోర్టుకు మార్చారు. ఆదోనిలో రైలెక్కితే మంత్రాలయం రోడ్డు దాటి చేరుకునే ఆ రాయచూరే! 1981లో అక్కడ నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఊరేగింపుల్లో ఆమె పేరు మారుమోగింది. కేసుకు కూడా ఆమె పేరే మిగిలింది. ఆ పేరు వెనకున్న మనిషి పక్కన ఎంతమంది కూర్చున్నారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

పక్కన కూర్చోవడం చిన్న విషయం కాదు. హజ్రత్ ఆయిషా (రజి) మీద కపటులు నింద వేసినప్పటి ఉదంతం మనకందరికీ తెలుసు. అది అత్యాచారం కాదు, అపవాదు. కానీ స్త్రీ శీలం మీద ఊరంతా గుసగుసలాడితే ఆమె ఎంత నలిగిపోతుందో ఆ ఉదంతం చెబుతుంది. ఆమె రాత్రింబవళ్లు ఏడుస్తుండగా ఒక అన్సారీ స్త్రీ వచ్చి, అనుమతి అడిగి, ఆమె పక్కన కూర్చుని తానూ ఏడ్చిందని బుఖారీ హదీసులో ఉంది. ఆమె ఏమీ ప్రశ్నించినట్టు లేదు, హితబోధ చేసినట్టు లేదు. బలవంతానికి గురైన స్త్రీలపై దోషం లేదన్న భావం నూర్ సూరాలో స్పష్టంగా ఉంది. మరి ఆమెను దోషిగా చూసే హక్కు మనకు ఎవరిచ్చారు?

ఇలా పక్కన కూర్చునే పనిని ఒక పద్ధతిగా చేసినవారు ఉన్నారు. అమెరికాలో 1970ల ఆరంభంలో, లండన్‌లో 1976లో స్త్రీలే సహాయ కేంద్రాలు తెరిచారు. బాల్యంలో సొంతవారి చేతిలోనే వేధింపులకు గురై పెద్దయిన స్త్రీల కోసం 1996లో ఢిల్లీలో ‘రాహి’ సంస్థ మొదలైంది. అదే ఏడు హైదరాబాద్‌లో చార్మినార్ సమీపంలోని మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించినప్పుడు సునీతా కృష్ణన్ ‘ప్రజ్వల’ను ప్రారంభించారు. యుక్తవయసులో తనపై జరిగిన సామూహిక అత్యాచారం గురించి ఆమె బహిరంగంగా చెప్పారు. అమ్ముడుపోయి బయటపడిన స్త్రీలు మన రాష్ట్రంలో ‘విముక్తి’ పేరుతో తామే సంఘం కట్టుకున్నారు.

అదే గాయం తగిలిన మరో మనిషి మాట ఎందుకు పనిచేస్తుంది? “నా ఒక్కదానికే జరిగింది, నాలోనే ఏదో లోపముంది” అన్న భావన బాధితురాలిని లోలోపల తినేస్తుంది. మరో స్త్రీ “నాకూ జరిగింది, నేను బతికాను” అనగానే ఆ భావన సడలుతుంది. అయిదారుగురు చాలు. కొన్ని నియమాలు మాత్రం తప్పనిసరి. విన్న మాట గడప దాటకూడదు. ఇష్టమైతేనే చెప్పాలి, బలవంతంగా చెప్పించకూడదు. “ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు” అని అడగకూడదు. నడిపించే స్త్రీకి కొంత శిక్షణ ఉండాలి. నిద్ర లేకుండా, చావాలన్న తలంపుతో ఉన్నవారికి ఇది సరిపోదు, వైద్యుడు కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416లో ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.

పెద్దలు తెలుసుకోవలసినది మరొకటుంది. బాధితులు 18 ఏళ్లలోపు వారైతే పంచాయితీ చేసి డబ్బు ఇప్పించడం, లేదా ఆ దుర్మార్గుడికే నికాహ్ చేసి చేతులు దులుపుకోవడం చెల్లదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి, దాచడమే నేరం. బాధితురాలి పేరు బయటపెట్టడం 1983 నుంచీ నేరమే, 2024 జూలైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది కొనసాగుతోంది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా ఉచితంగా వైద్యం చేయాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు న్యాయ సేవా సంస్థ ద్వారా ఉచిత న్యాయవాది లభిస్తారు. స్త్రీలకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి.

మన ఊళ్లలో స్త్రీలు కలిసి కూర్చోవడం కొత్త కాదు. పొదుపు సంఘాల్లో కూర్చుంటున్నారు, ఇజ్తెమాల్లో కూర్చుంటున్నారు. ఆదోనిలో ఒక ఇంటి వరండా, ఎమ్మిగనూరులో ఒక బడి గది దొరికితే చాలు. మస్జిద్ కమిటీ పెద్దలు చేయవలసిందల్లా రెండే పనులు. అలా కూర్చున్న స్త్రీలను ఆరా తీయకూడదు. శుక్రవారం ప్రసంగంలో ఒక్కసారైనా, తప్పు నేరస్తునిదే గాని బాధితురాలిది కాదని నిండు జమాత్ ముందు చెప్పాలి. ఆ మాట మగవారి ద్వారా ఇళ్లకు చేరుతుంది. తలుపు చాటున వింటున్న బిడ్డ ఎవరో మనకు తెలియనక్కరలేదు.