పాఠశాల పేరు పంపెదమన్నచో

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. అచ్చటి మనుమరాలు “తాతయ్యా, జెఫర్సన్ విద్యార్థివేతనమునకు మా బడివారు నా పేరు పంపెదమనుచున్నారు, ఒప్పుకొందునా?” అని యడిగినచో ఏమి చెప్పవలెను?

థామస్ జెఫర్సన్ 1819లో స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయమున ఈ వేతనము 1980లో ఏర్పడినది. ఇంటి ఆదాయముతో దీనికి పనిలేదు. నాయకత్వము, విద్య, పౌరధర్మము అనునవియే దీనికి కొలతలు. గెలిచినవారికి నాలుగేండ్ల చదువు వ్యయమంతయు లభించును. ఈ ఏర్పాటులో చేరిన పాఠశాలలు పేర్లు పంపును. పిమ్మట ప్రాంతీయ సంఘమువారి ముఖాముఖి ప్రశ్నలు, తుదకు విశ్వవిద్యాలయముననే ఎంపిక జరుగును. ప్రవేశమునకు మాత్రము వేరుగా దరఖాస్తు చేయవలెను.

ధర్మసూక్ష్మ మిచ్చటనే యున్నది. బడి పంపగల పేర్లు కొద్ది. మనసులేక యొప్పుకొనినచో, ఆ చదువునే కోరుచున్న తోటి బాలిక కా దారి మూసినట్లగును.

కావున “వేతనము లభించినచో అచ్చటనే చేరుదువా?” అని యడుగుడు. చేరుదునన్నచో నిర్భయముగా ఒప్పుకొనుమనుడు. పోటీ కఠినమైనది. గెలువకున్నను అవమానము లేదు. సందేహించినచో కృతజ్ఞతతో వదలుకొనుమనుడు. మన ఊరిలో గొప్ప చెప్పుకొనుటకై మాత్రము ఆమెను పురికొల్పరాదు.