అట్ట మీద బొమ్మ ఒకటి... లోపలి ఆట మరొకటి!

మీరు చూసిన సినిమాల్లో పరమ చెత్త సినిమా ఏదని అడిగితే మనవాళ్ళెవరూ తడుముకోరు. టక్కున పేరు చెప్పేస్తారు. పైగా ఏ థియేటర్లో చూశారో, ఇంటర్వెల్‌లో ఎలా లేచొచ్చారో కూడా చెబుతారు. మరి మీరాడిన వీడియో గేముల్లో పరమ చెత్త గేమ్ ఏది?

ఈ ఒక్క ప్రశ్న మీద మొన్న సంక్రాంతికి సంగంలో నలుగురు స్నేహితులు కొట్టుకున్నంత పని చేశారంటే నమ్ముతారా? ఆ నలుగురిలో ఈ వ్యాసం రాస్తున్నవాడూ ఒకడు కాబట్టి నమ్మక తప్పదు!

సంగం మా ఊరు. నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో పెన్న ఒడ్డున ఉంది. బ్రిటిషు వాళ్ళ నాటి పాత ఆనకట్ట ఉన్న ఊరిది. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమయ్యాక సాయంత్రం పూట షికారుకు అదే మా మెరీనా బీచ్! పండక్కి ఊరొచ్చిన మేం నలుగురం ఆ బ్యారేజీ దగ్గర మొదలుపెట్టిన వాదన మా ఇంటి వసారా దాకా వచ్చినా తెగలేదు. ఓడిన ముగ్గురూ కలిసి గెలిచినవాడికి చేపల పులుసుతో భోజనం పెట్టాలని పందెం. తీర్పు చెప్పడానికి పదకొండేళ్ళ మా మేనకోడల్ని కూర్చోబెట్టాం. మూడే మూడు షరతులు. ఆట పాతదై ఉండాలి. చెప్పేవాడు స్వయంగా ఆడి ఉండాలి. కష్టంగా ఉందని చెత్త అనకూడదు. ఆ లెక్కన ‘కాంట్రా’ కూడా చెత్తే అవుతుంది, అలా అన్నవాణ్ణి మా తరం క్షమించదు!

క్యాసెట్టులో ఊదిన తరం

నేటి కుర్రకారుకు చిన్న పరిచయం అవసరం. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1983లో ‘ఫామికామ్’ అనే యంత్రాన్ని విడుదల చేసింది. టీవీకి తగిలించి ఆడుకోవడమే. దానికి కాపీలు మన దేశంలోకి రకరకాల పేర్లతో వచ్చాయి. మేం వాటన్నిటినీ ‘టీవీ గేమ్’ అనేవాళ్ళం. అందులో దూర్చే చిన్న ప్లాస్టిక్ పెట్టె పేరు క్యాసెట్. ఆట రాకపోతే క్యాసెట్ తీసి ‘ఉఫ్’మని ఊది మళ్ళీ పెట్టడం మాకు తెలిసిన ఏకైక రిపేరు.

ఆ క్యాసెట్ల మీద ‘9999999 ఆటలు’ అని అచ్చేసి ఉండేది. లోపల నిజంగా ఉండేవి కొద్ది ఆటలే. అవే పేర్లు మార్చుకుని, ఒకసారి మొదటి లెవెల్ నుంచి, ఇంకోసారి మూడో లెవెల్ నుంచి వరసగా వస్తూ ఉండేవి. ఒకే కథను హీరోను మార్చి పదిసార్లు తీసినట్టన్నమాట! అయినా మేం విసుక్కోలేదు. అందులో ‘మారియో’ ఉంటే చాలు, మిగతా తప్పులన్నీ మాఫీ.

నలభై లక్షల క్యాసెట్ల కథ

మొదట లేచినవాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మిత్రుడు. ల్యాప్‌టాప్‌లో పాత ఆటలన్నీ మోసుకొచ్చాడు. అతని ఓటు ‘ఇ.టి.’కి. మేమెవరం చిన్నప్పుడు దాన్ని చూడలేదు. ఆ రాత్రే ఆడి చూశాం.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇ.టి.’ 1982 జూన్‌లో విడుదలై అమెరికాను ఊపేసింది. ఆ వేడి చల్లారకముందే క్రిస్మస్‌కు వీడియో గేమ్ తేవాలని అటారీ కంపెనీ హక్కులు కొన్నది. ధర రెండు కోట్ల డాలర్లకు పైమాటే అంటారు. బేరం తెగేసరికి జూలై ఆఖరయింది. ఆట తయారుచేసే భారం హోవార్డ్ స్కాట్ వార్షా అనే కుర్రాడి మీద పడింది. ఆరేడు నెలలు పట్టే పనికి అతనికిచ్చిన గడువెంతో తెలుసా? అయిదు వారాలు! అప్పటి అటారీ యంత్రం తాత్కాలికంగా గుర్తుపెట్టుకోగలిగింది 128 బైట్లు. మీరు చదువుతున్న ఈ పేరా దాచడానికి కూడా అది చాలదు.

ఫలితం? ఇ.టి. బొమ్మ నడుస్తూ నడుస్తూ గోతిలో పడుతుంది. మెడ సాచి ఎలాగో పైకి తేలుతుంది. కాస్త అటూ ఇటూ అయితే మళ్ళీ అదే గోతిలో! మా వాళ్ళలో ఒకడు పదకొండు సార్లు పడి, “ఏందబ్బా ఇది, అంతరిక్షం నుంచి వచ్చినాయన మా వీధి కాలవలో పడినట్టుందే!” అని రిమోట్ కింద పెట్టేశాడు.

క్యాసెట్లు దాదాపు 40 లక్షలు తయారుచేశారు. అమ్ముడుపోయినవాటి కంటే మిగిలిపోయినవే ఎక్కువ. మొదటి వారంలోనే బాక్సులు వెనక్కొచ్చిన పంపిణీదారుడి బాధ మన సినిమావాళ్ళకు చెప్పనక్కర్లేదు కదా! ఈ ఒక్క ఆటే కారణం కాదుగానీ, అటారీకి 1983లో వచ్చిన నష్టం 53 కోట్ల 60 లక్షల డాలర్లు. ఆ సెప్టెంబరులో మిగిలిన సరుకును లారీలకెత్తి న్యూమెక్సికో రాష్ట్రంలో అలమగోర్డో అనే ఊరి చెత్తకుప్పలో పూడ్చేశారు. ముప్పయ్యేళ్ళు అదొక పుకారుగానే మిగిలింది. 2014 ఏప్రిల్ 26న జనం ఎదుట తవ్వి చూస్తే క్యాసెట్లు బయటపడ్డాయి! ఇ.టి. ఒక్కటే కాదు, ఇతర ఆటలూ ఉన్నాయి. పూడ్చినవి ఏడు లక్షలకు పైనే అని కంపెనీ పాత మేనేజర్ చెప్పగా, పైకి తీసినవి సుమారు 1,300. ఆ తవ్వకం మీద డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. వార్షా తర్వాతి కాలంలో మానసిక చికిత్స చేసే వృత్తిలో స్థిరపడ్డాడు. అయిదు వారాల గడువు చూసినవాడికి ఇతరుల ఆందోళన అర్థం కాకుండా ఉంటుందా!

గోడల్లోంచి దూరే లారీ

రెండోవాడు లారీ యజమాని కొడుకు. నెల్లూరు నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన ‘బిగ్ రిగ్స్’ను మించిన ఘోరం లేదన్నాడు. 2003లో వచ్చిన కంప్యూటర్ ఆట అది. లారీల పందెమని చెప్పి అమ్మారు. కానీ ఎదుటి లారీ మొదలైన చోటు నుంచి కదలదు! మన లారీ ఇళ్ళలోంచి, వంతెనల్లోంచి గాలిలా దూరిపోతుంది. కొండ ఎక్కినా వేగం తగ్గదు. రివర్స్ గేరు వేస్తే వేగానికి అంతే ఉండదు. చివరికి గెలిచినప్పుడు తెర మీద పడే ఇంగ్లీషు వాక్యంలోనూ తప్పే!

“మా నాయన ముప్పయ్యేళ్ళు ఘాట్ రోడ్లలో లారీ తోలినాడు. రివర్స్‌లో అంత స్పీడు పోయేదుంటే కడప పోయి రావడానికి రాత్రంతా ఎందుకు పడతాది?” అని వాడు నిజంగానే కోపగించుకున్నాడు. మేం నవ్వి నవ్వి పొట్టలు పట్టుకున్నాం. అక్కడే వాడి కేసు వీగిపోయింది. ఇంతలా నవ్వించిన ఆట చెత్త ఎలా అవుతుందని మా జడ్జిగారి ప్రశ్న! కొన్ని సినిమాలను కూడా మనం స్నేహితులతో కలిసి నవ్వుకోవడానికే మళ్ళీ చూడమూ?

మనవాళ్ళు తీసిన ఆటలు

మూడోవాడు హైదరాబాదులో ఉంటాడు. వాడు ముందు 1999లో వచ్చిన ‘సూపర్‌మేన్’ ఆట పేరెత్తాడు. ఆకాశంలో ఎగరగల మహావీరుణ్ణి పొగమంచులో రింగుల్లోంచి దూరుతూ ఉండమన్న ఆట అది. సర్కసు పులి చేసే పని! తర్వాత మాట మార్చి, “మనవాళ్ళవి కూడా చెప్పుకోవాలి కదా” అన్నాడు.

చెప్పుకోవాల్సిందే. సూర్య నటించిన ‘గజిని’ 2005లో తెలుగులోకి వచ్చి ఎంత ఆడిందో మీకు తెలుసు. అదే కథ ఆమిర్ ఖాన్‌తో హిందీలో 2008 డిసెంబరులో వచ్చినప్పుడు దానికొక కంప్యూటర్ గేమ్ కూడా తయారైంది. చేసినవాళ్ళు హైదరాబాదు ఎఫ్‌ఎక్స్‌ల్యాబ్స్ వాళ్ళు. ఆ మరుసటేడు, 2009లో, హైదరాబాదుకే చెందిన అరోనా సంస్థ చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ ప్లేస్టేషన్ 2కు వచ్చింది. పూర్తిగా మన దేశంలో తయారైన ఆట ఆ యంత్రానికి రావడం గొప్పగా చెప్పుకున్నారు. దేవుణ్ణి మీట నొక్కి ఆడించడమేమిటని అమెరికాలో అభ్యంతరం కూడా లేచింది. ఆడినవాళ్ళు మాత్రం దాన్ని మెచ్చుకోలేదు. జపాన్, అమెరికా ఆటలు రుచి చూసిన చేతులకు ఇది చప్పగా తగిలింది.

“అయినా దీన్ని నేను చెత్త అనను” అన్నాడు మావాడు. “మనోళ్ళు మొదటిసారి అడుగేశారు, తడబడ్డారు. మొదటి టాకీలో మాటలు సరిగా వినపడలేదని తిడతామా?” అందరం తలలూపాం. లాయరే స్వయంగా కేసు వాపసు తీసుకున్నాడన్నమాట!

నా వంతు

అప్పటిదాకా మా మేనకోడలు ప్రతి ఆటకూ ఒకే ప్రశ్న వేస్తూ వచ్చింది. “అట్ట మీద ఏ బొమ్మ ఉంది మామా?” అని. ఆ ప్రశ్న నన్ను ఇరవై ఆరేళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది. ఎవరికీ చెప్పని సంగతి ఆ రాత్రి చెప్పేశాను.

1999 ఆగస్టు. మహేష్‌బాబు హీరోగా మొదటి సినిమా ‘రాజకుమారుడు’ జూలై 30న విడుదలై జోరుగా ఆడుతోంది. మా అక్క చీరలకు ఫాల్స్ కుట్టి నూట యాభై రూపాయలు దాచింది. స్నేహితురాళ్ళతో నెల్లూరు పోయి ఆ సినిమా చూడాలని. అదే వారం నా పుట్టినరోజు. కొత్త క్యాసెట్ కావాలని నేను రెండు రోజులు అన్నం మానేశాను. “సినిమా వంద రోజులాడుద్దిలేరా, తర్వాత చూస్తా” అని ఆ డబ్బు నా చేతిలో పెట్టింది.

నెల్లూరులో ఒక కొట్లో కొన్నాను. అట్ట మీద మోటార్ సైకిల్, తుపాకి, నల్ల కళ్ళజోడుతో ‘టెర్మినేటర్’ ఆర్నాల్డ్! బస్సులో సంగం వచ్చేదాకా ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి పెడితే ఏమొచ్చింది? ‘ఐస్ క్లైంబర్’. చిన్న బొమ్మ సుత్తి పట్టుకుని మంచు పగలగొడుతూ పైకెక్కే ఆట. అప్పటికే మా పాత క్యాసెట్లో ఉన్నదే! మర్నాడు తీసుకెళితే కొట్టతను, “అమ్మిన సరుకు వాపసు లేదు” అన్న బోర్డు చూపించాడు.

అక్క అడిగింది, “ఏదిరా నీ ఆట, చూపించు” అని. మోసపోయానని చెప్పడానికి నోరు రాలేదు. “మొదట్లో ఇట్టనే ఉంటాదక్కా, పైకెక్కేకొద్దీ ఆర్నాల్డ్ వస్తాడు” అనేశాను. ఎన్నడూ రిమోట్ పట్టనిది, ఆ రోజు పొద్దుపోయేదాకా మంచు పగలగొడుతూనే ఉంది. “ఇంకా రాలేదేందిరా మోటార్ సైకిలాయన?” అని మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది. ‘రాజకుమారుడు’ ఆమె థియేటర్లో చూడనేలేదు. కొన్నేళ్ళకు టీవీలో వచ్చినప్పుడు చూసింది.

వసారాలో ఎవరూ మాట్లాడలేదు. ‘ఐస్ క్లైంబర్’ మంచి ఆటే, ఆ మాట ఇప్పుడూ చెబుతాను. చెడ్డది ఆట కాదు, అట్ట మీద చెప్పిన మాట. గడువులో ఇరుక్కున్నవాడు చేసిన ఆటనైనా, తెలియక తడబడ్డవాడు చేసిన ఆటనైనా క్షమించవచ్చు. లోపల లేని హీరోను పైన అచ్చేసి, పదేళ్ళ పిల్లవాడి చేతిలోని డబ్బు లాక్కున్నదాన్ని ఎలా క్షమిస్తాం? అంతకన్నా చెడ్డ సంగతి ఇంకొకటుంది. కొట్టతను నాకు చెప్పిన అబద్ధాన్నే నేను తెచ్చి అక్కకు అమ్మాను.

మా మేనకోడలు తీర్పు నాకే ఇచ్చింది. కానీ తలుపు దగ్గర చాటలో అరిసెలు పట్టుకుని నిలబడ్డ మా అక్క ఒప్పుకోలేదు.

“ఏందీ, ఆర్నాల్డ్ అసలు రాడా? ఆ రాత్రంతా నా బొటనవేలు వాచిపోయిందిరా! చేపల పులుసు గిలుసు ఏం లేదు. పాత సినిమాలు మళ్ళీ థియేటర్లలో వేస్తున్నారంట కదా. ‘రాజకుమారుడు’ వేసినప్పుడు నన్ను తీసుకుపో. టికెట్టు నీది, ఇంటర్వెల్‌లో సమోసాలు కూడా నీవే!”

పందెంలో గెలిచి బాకీ పడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనేమో!

మరి పాఠక మిత్రులారా... మీ అట్ట మీద ఏ బొమ్మ ఉండేది?