పద్దెనిమిది జట్లు.. తొమ్మిదే మ్యాచ్‌లు!

ఆగస్టు చివరి వారం వచ్చిందంటే అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ సందడి మొదలవుతుంది. పిల్లలు ఒహాయో స్టేట్‌లోనో, టెక్సస్‌లోనో చేరాక మన ఇళ్లలోనూ శనివారం టీవీ ఆ ఆటకే అంకితం. అయితే ఐపీఎల్ లెక్కలకు అలవాటుపడ్డ పెద్దలకు ఓ సందేహం వస్తుంటుంది. అక్కడ 10 జట్లలో ప్రతి జట్టూ మిగతా వాటితో కనీసం ఒక్కసారైనా ఆడుతుంది. ఇక్కడ ఒకే కాన్ఫరెన్స్‌లోని రెండు జట్లు ఆ ఏడాది అసలు ఎదురుపడకపోవచ్చు. మరి ఎవరు మేటో తేల్చేదెలా?

లెక్క ఎందుకు కుదరదు?

ఒళ్లు హూనమయ్యే ఆట కావడంతో వారానికి ఒక్క మ్యాచే. రెగ్యులర్ సీజన్‌లో మొత్తం 12. పేరుకు 'బిగ్ టెన్' అయినా, 2024లో ఓరెగన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ చేరాక అందులో జట్లు 18. ఒక్కో జట్టుకు 17 మంది ప్రత్యర్థులుంటే ఆడేది తొమ్మిదింటితోనే. తొమ్మిది బేసి సంఖ్య కాబట్టి ఒక ఏడాది సొంతగడ్డపై ఐదు, మరుసటి ఏడాది నాలుగు.

2023 వరకు తూర్పు, పడమర విభాగాలుండేవి. ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్.. మూడూ తూర్పులోనే. 2014 నుంచి పదేళ్లూ కాన్ఫరెన్స్ ఫైనల్‌లో తూర్పు జట్టే గెలిచింది. బలమంతా ఒకే వైపు చేరిందని అర్థమై, విభాగాలను ఎత్తేశారు.

పాత వైరం పదిలం

కొత్త పద్ధతిలో ఏటా తప్పక జరగాల్సిన 12 పోరులను ముందే ఖాయం చేశారు. మిషిగన్-ఒహాయో స్టేట్, యూఎస్‌సీ-యూసీఎల్‌ఏ అలాంటివే. అయోవాకు ఇలాంటివి మూడుంటే, పెన్ స్టేట్‌కు ఒక్కటీ లేదు. మిగతా ప్రత్యర్థులు వంతులవారీగా మారుతుంటారు. ఐదేళ్లలో ప్రతి జట్టుతో కనీసం రెండుసార్లు, ఒకటి ఇంట, ఒకటి బయట ఆడాలన్నది నియమం.

16 జట్ల ఎస్‌ఈసీ 2026 నుంచి ఎనిమిదికి బదులు తొమ్మిది మ్యాచ్‌ల పద్ధతిని ఎంచుకుంది. ముగ్గురు శాశ్వత ప్రత్యర్థులు, మిగతా 12 జట్లలో ఏటా ఆరు. అంటే రెండేళ్లలో అందరితోనూ ఆట పూర్తవుతుంది. టెక్సస్‌కు దక్కిన ముగ్గురు ఓక్లహోమా, టెక్సస్ ఏ అండ్ ఎం, ఆర్కన్సా.

అయినా చిక్కే

2024లో బిగ్ టెన్‌లో పెన్ స్టేట్, ఇండియానా చెరి 8 గెలిచి ఒక్కటి ఓడాయి. ఇద్దరినీ ఓడించింది ఒహాయో స్టేటే. ఈ రెండూ పరస్పరం తలపడలేదు. చివరికి వాటి ప్రత్యర్థుల గెలుపు శాతం చూసి పెన్ స్టేట్‌ను ఫైనల్‌కు పంపారు. ఎవరితో ఆడాలో ఇండియానా ఎంచుకోలేదు, షెడ్యూలే నిర్ణయించింది. ఫైనల్ అవకాశం మాత్రం దానికే పోయింది.

ప్రయాణాల భారం మరొకటి. ఎడిసన్ పక్కనే ఉన్న రట్గర్స్ జట్టు లాస్ ఏంజెలిస్ వెళ్లాలంటే దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి, మూడు గంటల కాలభేదంతో. విశ్రాంతి వారం ముగించుకుని వచ్చే ప్రత్యర్థి ఎదురైతే మరింత కష్టం. అందుకే షెడ్యూలు వచ్చినప్పుడు ఎవరితో అన్నదే కాదు.. ఎక్కడ, ఏ వారం తర్వాత అన్నదీ చూడాలి.

ఎస్‌ఈసీ లెక్కలో మన పిల్లలకూ ఓ లాభముంది. నాలుగేళ్ల డిగ్రీ పూర్తయ్యేలోగా దాదాపు ప్రతి కాన్ఫరెన్స్ ప్రత్యర్థీ వాళ్ల క్యాంపస్‌కు ఒక్కసారైనా వస్తుంది. టెక్సస్-ఓక్లహోమా పోరు మాత్రం ఏటా అక్టోబరులో డాలస్ కాటన్ బౌల్‌లోనే. అక్కడి తెలుగువారికి అది ఇంటి ముంగిట పండగే!