‘తేడా’ అన్న ఒక్క మాటలో ఎందరు?

సర్జాపుర: బస్టాండు దగ్గరి టీ అంగడి. నడకలో కాస్త ఒయ్యారమున్న కుర్రాడు దాటిపోతే చాలు, బెంచీ మీదోళ్లు మొహాలు చూసుకుంటారు. ‘వాడు తేడారా’ అని తెలుగులో ఒకరు, ‘ఖోజా’ అని కన్నడలో ఇంకొకరు. ఊళ్లో రెండు భాషలున్నా నవ్వు మాత్రం ఒకటే.

ఆ కుర్రాడికి ఆడపిల్లలంటేనే ఇష్టం కావచ్చు. మీసం దువ్వుతూ నవ్వినవాడి మనసే మగవాళ్ల మీద ఉండొచ్చు. నడక ఎలా ఉందన్నది ఒక సంగతి. మగబిడ్డగా పుట్టి తాను ఆడదాన్నని తెలుసుకోవడం, అంటే ట్రాన్స్‌జెండర్ కావడం, ఇంకో సంగతి. ఎవరి మీద మనసు పోతుందన్నది పూర్తిగా వేరు. మూడింటినీ ఒకే మూటలో కట్టేశాం. ఇక ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లను ఇష్టపడితే? ఆ మూటలో ఆమెకు చోటే లేదు. సినిమా కామెడీ ట్రాకుల పుణ్యం కూడా ఇందులో ఉంది.

అసలు నష్టం ఇంట్లో జరుగుతుంది. ‘మావోడు కబడ్డీ ఆడతాడు, అట్లాంటోడు ఎట్లవుతాడు?’ అనుకునే అమ్మానాన్నలకు కొడుకు నోరు తెరిచి చెప్పినా చెవికెక్కదు. పెళ్లి చేస్తే సర్దుకుంటాడంటారు. ఏ పాపం ఎరగని పిల్ల బతుకూ అందులో చిక్కుకుంటుంది. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జాబితా నుంచి తీసేసింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకు 377వ సెక్షన్ వర్తించదని తేల్చింది. చట్టం మారినా టీ అంగడి బెంచీ మారలేదు.

మన పక్కనే ఉన్న తమిళనాడులో జరిగింది చూడండి. ఇంట్లోవాళ్లకు భయపడి మదురై నుంచి చెన్నై చేరిన ఇద్దరు యువతుల కేసు 2021లో మద్రాసు హైకోర్టుకు వచ్చింది. ఈ విషయంలో తనకూ అవగాహన చాలదని ఒప్పుకున్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ముందు సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నాకే తీర్పు రాశారు. ఆ కేసులోనే, వీరిని ఏ మాటలతో పిలవాలో జాబితా తయారైంది. 2022లో ప్రభుత్వం దాన్ని గెజిట్‌లో అచ్చేసింది.

మా పత్రికలవాళ్ల సంగతీ చెప్పాలి. ఏళ్లుగా ‘స్వలింగ సంపర్కులు’ అనే రాస్తున్నాం. మగా ఆడా జంటను ఎవరైనా ‘సంపర్కులు’ అంటారా? మనిషిని వదిలేసి పడకగదిని పట్టుకున్న మాట అది. ఈ కథనానికీ నేను మొదట అదే టైపు చేశా. కొట్టేసి ‘స్వలింగ ఆకర్షణ ఉన్నవారు’ అని రాస్తే, హెడ్డింగులో పట్టదని డెస్కువాళ్లు గొణిగారు.